చుట్టాలెవరు, ఇంటివారెవరు?
(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



తొలకరి పడే వేళ ఒకసారి, చలి ముదిరే వేళ ఇంకొకసారి, ఈ ప్రాంతానికి వచ్చే పత్రికలలో ఒక వార్త తప్పకుండా కనిపిస్తుంది. సైబీరియా పక్షులు వచ్చాయని దాని శీర్షిక. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో చింతచెట్ల మీద తెల్లని కొంగలు వాలినా ఆ మాటే. టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో గూడబాతులు దిగినా ఆ మాటే. చిలికా సరస్సు బాతులతో నిండినా ఆ మాటే. ఎక్కడో రాయలసీమలో ఉన్న వీరాపురంలోని ఎర్రకాళ్ళ కొంగలకు సైతం అదే బిరుదు దక్కింది. చిలికా బాతుల విషయంలో ఆ మాట కొంత నిజం. తక్కిన చోట్ల అది పూర్తిగా తప్పు. పక్షికి పేరుతోను, ఊరితోను పనేమున్నది, ఎక్కడిదైతేనేమి, చూడముచ్చటగా ఉన్నది కదా అని ఎవరైనా అనవచ్చు. పని ఉన్నది. ఎవరు చుట్టాలో, ఎవరు ఇంటివారో తెలియని ఇంట మర్యాదలు తారుమారవుతాయి.

బరంపురానికి పాతిక కిలోమీటర్ల దూరంలో, బాహుదా నది ఒడ్డున ఇచ్ఛాపురం ఉన్నది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు గీసిన గీత ఈ రెండు ఊళ్ళ నడుమ పడింది. ఇక్కడి తెలుగు కుటుంబాల పెళ్ళి సంబంధాలు ఆ గీతను ఎన్నడూ పెద్దగా లెక్కచేయలేదు. కొంగలూ అంతే. తేలుకుంచి ఆ ఇచ్ఛాపురం మండలంలోనిదే. జూన్ నెలలో, వేసవి సెలవుల తరువాత బడులు తెరిచే రోజులకు కొంచెం అటూ ఇటూగా, ఆ ఊరి పెరటి చెట్ల మీదికి నత్తగుల్ల కొంగలు చేరుకుంటాయి. పుస్తకాలలో దీనిని ఓపెన్‌బిల్ స్టార్క్ అంటారు. తెలుపులో బూడిద కలిసిన ఒళ్ళు, నల్లగా నిగనిగలాడే రెక్కల అంచులు, పొడవైన కాళ్ళు. దీని అసలు విశేషమంతా ముక్కులో ఉన్నది. ముక్కు మూసినా మూసుకోదు. పై దవడకూ కింది దవడకూ మధ్య, కొసకు కొంచెం ఇవతల, పోకచెక్క దూరేటంత సందు కనిపిస్తుంది. గూటిలోని పిల్లకు ఆ సందు ఉండదు. వయసు వచ్చిన కొద్దీ ఏర్పడుతుంది.

ఆ ముక్కుతో అది నత్తగుల్లను పగులగొడుతుందని చాలామంది తలుస్తారు. కాదు. కింది దవడ కొస కొంచెం కుడివైపుకు మెలితిరిగి ఉంటుంది. ఆ కొసను గుల్ల మూత కిందికి దూర్చి, లోపల నత్తను గుల్లకు పట్టి ఉంచే కండరాన్ని తెంచి, మాంసాన్ని లాగి మింగుతుంది. గుల్ల చాలావరకు చెక్కుచెదరదు. పనంతా బురదనీటి అడుగున, కంటికి కనబడకుండానే జరుగుతుంది. చింతపండు గింజ తీసే చేతులు చూడకుండానే పనిచేసినట్లు ఈ ముక్కు పనిచేస్తుంది. వరిపొలంలో లేత మొక్కలను కొరికే నత్తలను ఇంత నేర్పుగా ఏరివేసే పాలేరు మరొకడు లేడు. వానికి కూలి ఇవ్వవలసిన పని కూడా లేదు.

వేసవిలో నత్తలు మూత బిగించుకుని ఎండిన బురద లోపల నిద్రపోతాయి. తొలకరి జల్లుకు మడులు తడిసిన తరువాత పైకి వస్తాయి. కొంగ పిల్లలకు మేత కావలసినదీ అప్పుడే. కొంగలు వస్తే వానలు వస్తాయని, అవి రాని ఏడు పంట అంతంత మాత్రమని తేలుకుంచివారి నమ్మకం. శాస్త్రం దానిని కొంచెం తిప్పి చెబుతుంది. వానలు వస్తాయి గనుక నత్తలు, నత్తలు వస్తాయి గనుక కొంగలు. ఏ వైపు నుండి చెప్పినా వానా, కొంగా, పంటా ఒకే తాటి మీద ఉన్నాయన్న సంగతి మాత్రం పల్లె జనం పుస్తకాలకు ముందే గ్రహించారు.

ఈ ఆదరం ఊరికే రాలేదు. దానికి ఖర్చు ఉన్నది. గూళ్ళు కట్టిన చెట్టు కింద నాలుగైదు నెలలపాటు తల ఎత్తి నడవడం కష్టం. రెట్టల వాసన, రాలిపడిన గుల్లలు, జారిపడిన పిల్లలు. చింతచెట్టు మీద వందల పక్షులు కాపురం పెడితే కాపు తగ్గుతుంది. చింతపండు డబ్బుతో పిల్లల పుస్తకాలు కొనుక్కునే ఇంటికి అది చిన్న నష్టం కాదు. కర్ణాటకలోని కొక్కరె బెళ్ళూరులో గూళ్ళున్న చింతచెట్ల యజమానులకు అటవీశాఖ పరిహారం ఇచ్చే ఏర్పాటు జరిగింది. అటువంటి ఏర్పాటు లేని చోట ఆ భారమంతా చెట్టు ఎవరిదో వారే మోస్తున్నారు. పట్నం నుండి కారులో వెళ్ళి అరగంట చూసి, ఫొటోలు తీసుకుని వచ్చేవారు గుర్తించవలసిన మొదటి విషయం ఇది.

కొన్నేళ్ళ క్రిందట ఒక జూలై ఆదివారం ఈ పాఠశాల తొమ్మిదో తరగతి విద్యార్థినులు తేలుకుంచి వెళ్ళారు. ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న ముసలమ్మను వారిలో ఒక బాలిక అడిగింది.

“మామ్మా, ఈ కొంగలు ఎక్కడివి?”

“సైబీరియావంటమ్మా. పేపర్లో అలాగే రాస్తారు.”

“గుడ్లు పెట్టేది మీ చెట్టు మీదేగా? పిల్లలు పుట్టేది ఇక్కడేగా? మరి సైబీరియావి ఎలా అవుతాయి మామ్మా?”

ముసలమ్మ ఒక్క క్షణం ఆలోచించి నవ్వింది. “నిజమేనమ్మా. మా మనవడు సూరత్‌లో పనిసేస్తన్నాడు. పండక్కొస్తాడు. ఆడ్ని సూరతోడంటామేటి?”

గంజాం, శ్రీకాకుళం జిల్లాల నుండి బ్రతుకు తెరువు కోసం దూరప్రాంతాలకు వెళ్ళినవారు లేని ఇల్లు తక్కువ. అందుచేత ఆ పోలిక పిల్లలకు వెంటనే అర్థమైంది. శాస్త్రజ్ఞులు చెప్పేది కూడా ఇంచుమించు అదే. ఏ పక్షి అయినా గూడు కట్టి పిల్లలను లేపే చోటే దాని ఇల్లు. మేత కోసం, చలి తప్పించుకోవడం కోసం వెళ్ళే చోటు దాని బస. నత్తగుల్ల కొంగ మన దేశంలోను, శ్రీలంకలోను, తూర్పున థాయిలాండ్, కంబోడియా వైపున ఉండే పక్షి. సైబీరియా దాని తాతముత్తాతలు కూడా చూడలేదు. నీరు, నత్తలు ఎక్కడ ఉంటే అక్కడికి తిరుగుతుంది, నిజమే. థాయిలాండ్‌లో కాలికి ఉంగరం తొడిగి వదిలిన ఒక కొంగ సుమారు 1500 కిలోమీటర్ల దూరాన బంగ్లాదేశ్‌లో దొరికింది. తిరుగుడు ఎంతైనా, గూడు మాత్రం ఈ వేడి దేశాల చెట్ల మీదే. ఒడిశాలోనే భితర్‌కనికా మడ అడవులలో ప్రతి వర్షాకాలం ఈ కొంగలు వేలకొద్దీ గూళ్ళు కడతాయి. తేలుకుంచి కొంగలు ఆ పెద్ద కుటుంబంలోనివే.

పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను చుట్టమని ఎవరూ అనరు. చుట్టానికి ఒక పూట భోజనం తక్కువైనా మరునాడు తన ఇంటికి పోయి తింటాడు. పురిటికి వచ్చిన పిల్లకు అటువంటి మరో ఇల్లు లేదు. ఆ నెలలలో ఆమెకు కావలసినదంతా ఇక్కడే దొరకాలి. సైబీరియా పక్షి అన్న మాటలోని అసలు ప్రమాదం ఇదే. ఈ ఏడు రాకపోతే వాటి దేశంలోనే ఉండిపోయి ఉంటాయిలే అని వినేవారికి ఒక ఊరట కలుగుతుంది. తేలుకుంచి చింతచెట్టు కొట్టివేస్తే ఆ కొంగ తిరిగిపోవడానికి సైబీరియా లేదు.

చెట్లు కొట్టివేతకే పోవడం లేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా తీరాన్ని తాకి ఉద్దానం తోటలను నేలకూల్చింది. ఆ రెండు రాత్రులూ ఇక్కడివారికి ఇంకా మరుపునకు రాలేదు. తుఫాను తరువాత వీధులలోను, ఆవరణలలోను త్వరగా ఎదిగే పూలమొక్కలు నాటుతారు. అందులో తప్పు లేదు గాని, కొంగ బరువును, గూడు బరువును, వానగాలిని కలిపి మోసే కొమ్మ కావాలంటే చింత, రావి, మర్రి వంటి చెట్టు కావాలి. ఇవాళ నాటిన చింత అంతటిది కావడానికి ఒక తరం పడుతుంది. ప్లాటినం జూబిలీ సందర్భంగా మొక్కలు నాటదలచిన పూర్వ విద్యార్థులు ఈ ఒక్క మాట మనసులో ఉంచుకుంటే చాలు.

తేలినీలాపురం కథ కొంచెం వేరు. అక్కడ చెట్ల మీద కాపురం ఉండేవి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. ఇవి వానలు తగ్గే వేళకు వచ్చి, పిల్లలు రెక్కలు విప్పిన తరువాత వేసవి మొదట్లో వెళ్ళిపోతాయి. మేత చుట్టుపక్కల చెరువులలో, నౌపడ ఉప్పుటేరుల వైపు. గూడబాతు ముక్కు కింది సంచి పిల్లలందరికీ తెలిసినదే. అయితే ఆ సంచి చేపలు దాచుకునే జోలె అన్న మాట నిజం కాదు. అది వల వంటిది. నీటితో సహా చేపను ఎత్తి, నీరు వార్చి, చేపను మింగివేస్తుంది. ఎర్రకాళ్ళ కొంగ పద్ధతి ఇంకొకటి. సగం తెరిచిన ముక్కును నీటిలో ముంచి, కాలితో బురద కలియబెట్టి, ముక్కుకు చేప తగిలిన మరుక్షణం పట్టుకుంటుంది. రెండు పక్షులూ భారతదేశంలోను, ఇరుగుపొరుగు వేడి దేశాలలోను ఉండేవే. ఈ గూడబాతు దక్షిణాసియా, ఆగ్నేయాసియా దాటి ఎక్కడా గూడు కట్టదు. నేలపట్టు, కొల్లేరు, ఉప్పలపాడు, కొక్కరె బెళ్ళూరు, ఇవన్నీ దీని పుట్టిళ్ళే.

2021 డిసెంబరు, 2022 జనవరి నెలలలో తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. చెట్ల కింద పెద్ద పక్షుల కళేబరాలు కనిపించడంతో ఊరు కలవరపడింది. పక్షులను పరీక్షించిన పశువైద్యులు లోపల నులిపురుగులను గుర్తించి, చెరువులలో తిన్న చేపల ద్వారా అవి సోకి ఉంటాయని అనుమానించారు. ఆ నెలలలో గూళ్ళలో పిల్లలు ఉంటాయి. తల్లిదండ్రులు పోయిన గూటిలోని పిల్ల ఎదురుచూడడం తప్ప ఏమీ చేయలేదు. వాటి నీరు ఇక్కడి నీరు, వాటి చేప ఇక్కడి చెరువు చేప, వాటి జబ్బూ ఇక్కడిదే. అటువంటప్పుడు కూడా వాటిని విదేశీ విహంగాలని వర్ణించిన రాతలు కనిపించడం విచిత్రం.

ఇంతకూ సైబీరియా అన్న పేరు ఇక్కడి నోళ్ళలో ఎలా పడిందో? బహుశా భరత్‌పూర్ వల్ల కావచ్చు. రాజస్థాన్‌లోని ఆ పక్షుల రక్షణస్థలానికి సైబీరియా కొక్కెర అనే తెల్లని పెద్ద పక్షి నిజంగానే ప్రతి శీతాకాలం వచ్చేది. పాఠ్యపుస్తకాలలోను, పత్రికలలోను దాని పేరు మార్మోగింది. దూరం నుండి వచ్చే ప్రతి తెల్లని పక్షికీ ఆ పేరు అంటుకున్నది. ఆ కొక్కెరలు 2002 తరువాత భరత్‌పూర్‌కు రాలేదు. పేరు మాత్రం ఊరూరా తిరుగుతున్నది.

ఇక నిజమైన చుట్టాల దగ్గరికి వద్దాం. అందుకు చిలికా వెళ్ళాలి. దక్షిణపు కొసన రంభ వరకు ఈ సరస్సు గంజాం జిల్లాలోకి చొచ్చుకుని వస్తుంది. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు, వర్షాకాలంలో 1100 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించే నీరు. ఒక పక్క మహానది పాయల మంచినీరు, మరొక పక్క సముద్రపు ఉప్పునీరు. 1981లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలల రామ్‌సార్ జాబితాలో మన దేశం నుండి మొదట చేరిన రెండింటిలో ఇది ఒకటి. రెండవది పైన చెప్పిన భరత్‌పూరే. సరస్సు నడుమ నలబణ అనే దీవి ఉన్నది. సుమారు 15 చదరపు కిలోమీటర్ల ఈ దీవి వర్షాకాలంలో మునిగిపోయి, నీరు తగ్గిన తరువాత తేలుతుంది. 1987లో దీనిని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2024, 2025 సంవత్సరాల జనవరి లెక్కింపులలో చిలికా మొత్తం మీద ఏటా 11 లక్షలకు పైగా పక్షులు నమోదయ్యాయి.

వీటిలో అత్యధికం శీతాకాలపు చుట్టాలు. సూదితోక బాతులు, గరిటెముక్కు బాతులు, రకరకాల ఉల్లంకులు. సైబీరియా, మంగోలియా, మధ్య ఆసియా, లడఖ్ ప్రాంతాల నుండి అక్టోబరు మొదలుకొని వచ్చి, మార్చి నాటికి చాలావరకు తిరిగిపోతాయి. ఇక్కడ గూడు కట్టవు. తల మీద రెండు నల్లని పట్టెలున్న బార్‌హెడెడ్ గూస్ అనే పెద్ద బాతు హిమాలయాలను దాటి వస్తుంది. దీని దారి తెలుసుకోవడానికి ఉపగ్రహ సంకేతాలిచ్చే పరికరాలు కట్టి శాస్త్రజ్ఞులు అనుసరించారు. ఆ అధ్యయనాలలో చిలికాలో పట్టి వదిలిన బాతులు కూడా ఉన్నాయి. 7000 మీటర్లకు మించిన ఎత్తున ఎగిరిన బాతు ఒకటి వాటిలో నమోదైంది. అంత ఎత్తున మనిషి కొన్ని అడుగులు వేయడానికే ఆయాసపడతాడు.

తెలుగు ఉపాధ్యాయులు ప్రత్యేకంగా చూడవలసిన పక్షి ఒకటి చిలికాలో ఉన్నది. అది జక్కవ. చక్రవాకం అన్నా ఇదే. పద్యాలలో పగలంతా జంటగా ఉండి, రాత్రి విడిపోయి విలపించే పక్షిగా జక్కవను ఎరగని విద్యార్థి ఉండడు. ప్రతిపదార్థంలో ‘ఒక విధమైన పక్షి’ అని వ్రాసి మార్కులు తెచ్చుకున్నవారు ఈ సభలో చాలామందే ఉండి ఉంటారు. నారింజ, గోధుమ రంగులు కలిసిన ఒళ్ళు, వెలిసిన తల, ఎగిరినప్పుడు రెక్క మీద మెరిసే తెలుపు. శీతాకాలంలో చిలికా బురదతిన్నెల మీద జంటలు జంటలుగా కనిపిస్తుంది. వేసవిలో లడఖ్, టిబెట్ వైపు పోయి కొండ బొరియలలో పిల్లలను లేపుతుంది. అంటే కవులు చూసిన జక్కవ విరహం పడిన చోటు దాని ఇల్లు కాదు, బస.

చుట్టాలకు చేయవలసిన మర్యాద వేరు. వాటికి గూటికొమ్మ అక్కరలేదు. లోతు తక్కువ నీరు, మెత్తని బురద, నీటి మొక్కలు, పగటిపూట కలత లేని విశ్రాంతి కావాలి. చిలికా ముఖద్వారం పూడిపోయి, ఉప్పదనం తగ్గి, కలుపు పెరిగి, చేపలు కరువైన కాలం ఒకటి వచ్చింది. 1993లో ఈ సరస్సును ప్రమాదంలో ఉన్న చిత్తడినేలల పట్టికలోకి ఎక్కించారు. 2000 సెప్టెంబరులో సముద్రంలోకి కొత్త ముఖద్వారం తెరిచారు. ఉప్పునీరు లోపలికి వచ్చింది, చేపల రాబడి పెరిగింది, 2002లో ఆ పట్టిక నుండి చిలికా పేరు తొలగింది. ఈ పాఠశాలలో చదివి జలవనరుల శాఖలలోనో, మత్స్యశాఖలోనో ఉద్యోగాలు చేసినవారు ఆ మార్పులోని సాధకబాధకాలను ఇంకా బాగా చెప్పగలరు.

ఉత్తరపు గట్టున మంగళాజోడి అనే ఊరు ఉన్నది. ఒకప్పుడు అక్కడి మగవారిలో చాలామంది బాతులను వేటాడి అమ్మేవారు. సుమారు 2000 ప్రాంతంలో వారే వేట మాని, మహావీర్ పక్షి సురక్షా సమితిగా ఏర్పడి కాపలా మొదలుపెట్టారు. ఏ పక్షి ఏ గడ్డి వెనుక ఉంటుందో వేటగానికి తెలిసినంతగా మరెవరికి తెలుస్తుంది? ఆ తెలివితేటలతోనే నేడు వారు చూడవచ్చినవారిని పడవలలో త్రిప్పి పక్షులను చూపుతున్నారు. ఇప్పుడు పడవ చప్పుడుకు పక్షి లేచిపోదు. చూడవచ్చినవారు చప్పుడు చేయకుండా కూర్చుంటే వారి అంతటవారికే ఆ తేడా తెలుస్తుంది.

చెట్టు మీద గూడు, సరస్సులో బస అందరికీ కనిపిస్తాయి. కంటికి ఆననివి నది ఇసుకలో ఉన్నాయి. ఋషికుల్య ముఖద్వారం సముద్రపు తాబేళ్ళ వల్ల పేరుపొందింది. అదే నది మీద కొంచెం పైకి పోతే, ఎండకాలంలో తేలిన ఇసుక తిన్నెల మీద చిన్న ఉల్లంకి జాతి పక్షి గుడ్లు పెడుతుంది. గూడంటూ ఏమీ లేదు. ఇసుకలో చిన్న గుంట, అందులో గులకరాళ్ళ రంగు గుడ్లు మూడు నాలుగు. పక్కనే నిలబడినా కనిపించవు. ట్రాక్టరు చక్రానికి అసలే కనిపించవు. మార్చి నుండి మే వరకు ఇసుక తోలకం జోరుగా సాగే నెలలూ, ఈ గుడ్లు పొదిగే నెలలూ ఒకటే. తీతువు సంగతీ ఇంచుమించు ఇదే. తీతువు కూస్తే కీడని తరతరాలుగా అనుకుంటున్నారు. గుడ్ల దగ్గరికి ఎవరో వస్తున్నారని అది పెట్టే కేక అది. కీడు నిజమే, అయితే ఆ కీడు తీతువుకే.

ఇక్కడి పక్షులను చూసి వ్రాసిపెట్టడం కొత్త సంగతి కాదు. థామస్ జెర్డన్ అనే సైనిక వైద్యుడు 1836లో మద్రాసులో దిగిన తరువాత గంజాం ప్రాంతంలోని పటాలాలకు వైద్యం చేయడానికి వచ్చాడు. జ్వరాలకు మందులిస్తూనే తూర్పు కనుమల పక్షులను పరిశీలించాడు. 1862 నుండి 1864 వరకు వెలువడిన ఆయన భారతదేశ పక్షుల గ్రంథంలో ఒక్కొక్క పక్షికి లాటిన్ పేరుతోపాటు దేశభాషలలోని పేర్లూ చేర్చాడు. తెలుగు పేర్లు వాటిలో అనేకం. ఆ పేర్లు ఆయనకు చెప్పినవారు పక్షులు పట్టేవారో, పల్లె రైతులో అయి ఉంటారు. రాత్రి సంచరించే ఒక కొంగకు తెలుగులో చింతవక్క అని పేరు. అది ఏ చెట్టు మీద కాపురం ఉంటుందో పేరే చెబుతున్నది. దగ్గరికి పోయేదాకా కదలకుండా కూర్చునే చెరువుగట్టు కొంగ గుడ్డికొంగ. నిజానికి దానికి చూపు చక్కగా ఉన్నది. పాలపిట్ట ఒడిశాకూ, తెలంగాణకూ, కర్ణాటకకూ రాష్ట్రపక్షి. ఆంధ్రప్రదేశ్‌కు కూడా 2018 వరకు అదే. ఇన్ని రాష్ట్రాల గౌరవం పొందిన పిట్టను తీగ మీద చూసి పేరు చెప్పగలిగే పిల్లలు తరగతికి ఎందరుంటారో తల్లిదండ్రులు ఒకసారి ఇంట్లో అడిగి చూడవచ్చు. బాషలు రెండు మూడు నేర్చే ఇళ్ళలో పిట్టల పేర్లే ముందు పోతాయి. చిలుక, కాకి, పిచ్చుక మిగిలి, తక్కినవన్నీ ‘బర్డ్’ అయిపోతాయి.

పాఠశాల గ్రంథాలయంలో కిటికీ పక్క బల్ల మీద పక్షుల నమోదు పుస్తకం ఉన్నది. గీతలు గీసిన మామూలు లెక్కల పుస్తకమే. తేదీ, వేళ, చోటు, పక్షి పేరు, ఎన్ని, ఏమి చేస్తున్నది అని ఆరు గళ్ళు. తెలుగు పేరు తెలియకపోతే రంగు, ముక్కు, కాళ్ళు వర్ణించి వ్రాస్తే చాలు. ఉపాధ్యాయులు పుస్తకం చూసి పోల్చి చెబుతారు. అన్నింటిలోకీ చివరి గడి ముఖ్యం. ‘కొంగ, పది’ అని వ్రాస్తే అది చూసినట్లు మాత్రమే తెలుస్తుంది. ‘పుల్ల మోసుకుపోతున్నది’ అని వ్రాస్తే అది ఇంటిదని తెలుస్తుంది. ఆసియా అంతటా 1987 నుండి ప్రతి జనవరిలో జరుగుతున్న నీటిపక్షుల లెక్కింపు కూడా ఇటువంటి వరుసల మీదే నిలబడి ఉన్నది.

ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, ఛత్రపురం, గోపాల్‌పూర్, రంభ ప్రాంతాలలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు తమ ఊరి చెరువు దగ్గరనో, ఏటి ఒడ్డుననో చూసినది ఒక కార్డు మీద వ్రాసి పంపితే పిల్లలు దానిని పుస్తకంలో ఎక్కిస్తారు. ఇంతవరకు పుస్తకంలో డిసెంబరు, జనవరి పుటలు నిండుగా ఉన్నాయి. చిలికా విహారయాత్రలు ఆ నెలలలోనే కదా. జూన్, జూలై పుటలలో తేలుకుంచి వరుసలు కొన్ని ఉన్నాయి. పరీక్షలు, సెలవులు, ఎండలు అడ్డుపడడం చేత ఋషికుల్య ఇసుక తిన్నెలకు కేటాయించిన పుటలలో ఏప్రిల్ నెలకు ఒక్క వరుస కూడా లేదు.